కొండయే తీర్థకలశము

నారము లనగా జలములు. అవి నివాసముగా గలవాడు నారాయణుడు. ఈ వ్యుత్పత్తిని పెద్దలు బాలురకు సైతము బోధించుదురు. ఆలయమున అర్చకస్వామి ఉద్ధరిణితో తీర్థ మొసగగా, భక్తుడు దానిని స్వీకరించి, అరచేతి తడిని శిరస్సున అద్దుకొనును. ఆ చుక్క నీరు ఏ మార్గమున తన చేతికి చేరినదో విచారించువారు మాత్రము అరుదు.

ఆ మార్గమును గోదాదేవి తిరుప్పావై నాల్గవ పాశురమున సూచించెను. సముద్రము నడుమకు చొచ్చి, నీటిని ముంచుకొని, ఆకాశమున కెగసి, స్వామి మేనివలె నల్లనై, చక్రమువలె మెరసి, శంఖమువలె మ్రోగి, శార్ఙ్గము విడిచిన శరములవలె కురియుమని ఆ తల్లి వర్షదేవతను కోరినది. నేటి శాస్త్రము చెప్పు క్రమమును ఇదియే. భూమిపై గల నీటిలో నూటికి 97 పాళ్లు ఉప్పునీరు. సూర్యుని వేడిమికి నీరు ఆవిరి యగునపుడు ఉప్పు కడలిలోనే నిలిచిపోవును. ఆవిరి సగటున సుమారు 9 దినములు ఆకాశమున సంచరించి వానగా దిగివచ్చును.

వాన కురియుట దైవకృప. కురిసినదానిని నిలుపుకొనుట నేల చేయవలసిన పని. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన పడిన లక్ష లీటర్లకు పైగా నీరు చేరును. ఆ నేల చెట్టుచేమలు లేని బోడివాలైనచో అంత నీరును మట్టిని కోసికొనుచు గంటలలో పారిపోవును, క్రిందనున్న చెరువును పూడ్చును.

తిరుమలలో జరుగునది వేరు. ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతమునుండి తెచ్చిన వాన మొదట అడవి ఆకులపై పడి వేగము తగ్గును. రాలిన ఆకుల పొరలో నాని, వేళ్లు చేసిన దారుల వెంట నేలలోనికి దిగును. కొండపై శిల క్వార్ట్‌జైట్ అను మిక్కిలి కఠినమైన జాతి. ఆ రాతిలో నీరు ఇంకదు గాని, దాని పగుళ్ల వెంట మెల్లమెల్లగా జారి, వెలికి దారి దొరకినచోట ఊటయై పైకి వచ్చును. వానలు వెలసిన పిదపయు ఊటలు ఆరకుండుటకు కారణ మిదియే.

నీరు పల్లమెరుగునని సామెత. గట్టునకు ఈవైపు పడిన చినుకు ఒక నదికి, ఆవైపు పడినది మరొక నదికి చెందును. ఒక నదికి నీటిని కూర్చు వాలు ప్రదేశ మంతయు దానికి పరీవాహక ప్రదేశము. శేషాచల శ్రేణి దక్షిణపు వాలు నీరు, కపిలతీర్థమున దుముకు ధారతో సహా, స్వర్ణముఖిని చేరును. ఉత్తరమున పడిన నీరు చెయ్యేరు మొదలగు ఏరుల వెంట పెన్నకు పోవును. ఆ రెండు నదులును చివరకు బంగాళాఖాతముననే కలియును. మేఘము పుట్టినచోటికే నీరు మరలినది.

భగవద్రామానుజుల మేనమామ యగు తిరుమలనంబి స్వామి అభిషేకమునకై ప్రతిదినము పాపవినాశనమునుండి కుండతో నీరు మోసి తెచ్చుచుండిరి. ఒకనాడు వేటగాని వేషమున స్వామి ఎదురై, "తాతా, దాహము" అని అడిగెనట. అది స్వామివారి తీర్థమని నంబి ఈయకుండిరి. బాలుడు వెనుకనుండి బాణముతో కుండకు చిల్లు పొడిచి త్రాగెను. వృద్ధుడగు నంబి కన్నీరు పెట్టగా, ఆ బాలుడే కొండపై బాణము వేసి సమీపముననే ఒక ధారను వెలయించెను. అది ఆకాశగంగ యని సంప్రదాయము. నేటికిని అధ్యయనోత్సవానంతరము జరుగు తన్నీరముదు ఉత్సవము ఆ కైంకర్యమునే స్మరింపజేయుచున్నది.

రామానుజుల ఆజ్ఞపై తిరుమలలో పూదోట పెంచిన అనంతాళ్వారు, దానికి నీరు నిలుపుటకై గర్భవతియగు భార్యతో కూడి చెరువు త్రవ్విరి. వారి గునపము నేటికిని ఆలయ మహాద్వారమున వ్రేలాడుచున్నది. చెరువు త్రవ్విన పనిముట్టు స్వామి వాకిట స్థానము పొందినదనగా, నీటిని నిలుపుటయు ఆరాధనయే యని తెలియవలెను.

2021 నవంబరులో అతివృష్టి కలిగినపుడు కపిలతీర్థము ఉప్పొంగినది, శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతిన్నది, తిరుపతి వీధులు నీట మునిగినవి. ఆ నెల 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి. అంతటి వానను ఏ అడవియు పూర్తిగా ఆపజాలదు. కాని ఉన్న అడవి వరద వేగమును తగ్గించును, లేని అడవి తగ్గింపజాలదు. వాగు నడిచెడి దారిలో ఇల్లు కట్టినచో వాగు ఆ ఇంటిలోనే నడచును.

కావున యాత్రికుడు కొండ వాగులలో చెత్త వేయరాదు, వేసవిలో ఎండుటాకుల నడుమ నిప్పు విడువరాదు. గృహస్థుడు తన యింటి కప్పుపై పడిన వానను ఇంకుడుగుంతకు మళ్లింపవలెను, ఊరి చెరువునకు నీరు తెచ్చు వంకను పూడ్చరాదు. ఇవి చిన్న పనులే యైనను తీర్థకైంకర్యములే.

నంబిగారి కుండకు చిల్లు పొడిచినవాడు స్వామి. ఆ లోటును తీర్చినవాడును స్వామియే. ఏడుకొండలు అంతకన్న పెద్ద తీర్థకలశము. చెట్టు నరికి, వాగు కప్పి, మానవుడు ఈ కలశమునకు చిల్లు పొడిచినచో ఆ లోటు తీర్చుభారము స్వామిపై వేయుట దాసునకు తగదు. తీర్థము స్వీకరించి శిరస్సున అద్దుకొను ప్రతి చేయియు ఆ కలశమును కాచు చేయి యగుగాక!