పారే నది ఎవరి సొత్తు?

నదులకు వరద వచ్చిన ప్రతిసారీ ఒక మాట వింటాం: "ఇన్ని టీఎంసీల నీరు వృథాగా సముద్రం పాలయింది" అని. ఈ మాట మన చెవులకు ఎంత అలవాటైపోయిందంటే, అది నిజమా కాదా అని ఆలోచించేవారే కరువయ్యారు. మనిషి వాడుకున్నదే నీరు, వాడుకోనిదంతా వృథా అన్న భావం మన మనసుల్లో పాతుకుపోయింది.

విశ్వాసి ఏ మాటనైనా ముందు ధర్మం అనే తూకంలో పెట్టి చూడాలి. నది ఎవరి సొత్తు? ఎగువన ఉన్నవానికి అందినంత తీసుకునే హక్కు ఉందా? అవసరంలో ఉన్న పేదవాడు కాలువ తవ్వుకుంటే అది పాపమా? మనిషి తాగని నీటిలో ఇతర జీవులకు వాటా ఉందా? ఈ ప్రశ్నలకు షరీఅత్ ఏమి చెబుతున్నదో ఒక ఎడారి నదిని ముందుంచుకొని పరిశీలిద్దాం.

జైహూన్ కథ

మద్రసాల్లో చదివే విద్యార్థులకు జైహూన్ నది పేరు కొత్తది కాదు. దానినే నేడు అము దర్యా అంటున్నారు. పామీరు పర్వతాల మంచు నుంచి పుట్టి, సుమారు 2,500 కిలోమీటర్లు ప్రయాణించి, కారాకుమ్, కిజిల్‌కుమ్ ఎడారుల నడుమ నుంచి అరల్ సముద్రం వైపు సాగే నది ఇది. హదీసు వేత్త ఇమామ్ తిర్మిజీ (రహ) ఏ ఊరి పేరుతో ప్రసిద్ధులయ్యారో ఆ తిర్మిజ్ పట్టణం ఈ నది ఒడ్డునే ఉంది. నదికి ఆవలి ప్రాంతాన్ని అరబ్బులు 'మావరా ఉన్నహ్ర్' అని పిలిచారు. ఇస్లామీయ విద్యలకు అది ఒక పుట్టినిల్లు.

1960 నాటికి అరల్ సముద్రం విస్తీర్ణం సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లు. లోపలి జలాశయాల్లో అది ప్రపంచంలో నాలుగవది. సోవియట్ పాలకులు ఈ సముద్రానికి చేరే నీటిని దండగ నీరుగా లెక్కించారు. ఎడారిలో పత్తి పండించాలని సంకల్పించారు. 1954లో కారాకుమ్ కాలువ పనులు మొదలుపెట్టి, క్రమంగా దానిని 1,300 కిలోమీటర్లకు పైగా పొడిగించారు. అది చాలావరకు మట్టి కాలువ. పొలానికి చేరేలోపే ఎంతో నీరు ఇసుకలో ఇంకిపోయేది. పత్తి పండిన మాట నిజమే. కాని నది సముద్రాన్ని చేరడం మానుకుంది.

ఆ తరువాత జరిగినది లోకానికి తెలుసు. సముద్రం ఇంకిపోయింది, ఉప్పదనం పెరిగి చేపలు చచ్చిపోయాయి. ఉజ్బెకిస్తాన్‌లోని మూయ్‌నాక్ ఒకప్పుడు చేపల రేవు. నేడు అక్కడ తుప్పుపట్టిన ఓడలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. నీరు మాత్రం 100 కిలోమీటర్లకు పైగా వెనక్కి వెళ్లిపోయింది. ఎండిన సముద్ర గర్భం నుంచి ఉప్పు, పురుగుమందులు కలిసిన దుమ్ము లేచి కరకల్పాకిస్తాన్ ప్రజల ఊపిరితిత్తుల్లో చేరుతున్నది. 2014లో సముద్రపు తూర్పు భాగం పూర్తిగా ఎండిపోయింది. వృథాగా పోతున్నదని భావించిన ఆ నీరే ఆ ప్రజల గాలిని, అన్నాన్ని కాపాడుతూ వచ్చిందని అది పోయాకే తెలిసింది.

మనుషుల చేతులు సంపాదించుకున్న దాని మూలంగా నేలపైన, నీటిలోనూ కల్లోలం ప్రబలిందనీ, వారు మరలివచ్చేందుకు వారి కర్మల ఫలాన్ని కొంత రుచి చూపించడం జరుగుతుందనీ అల్లాహ్ హెచ్చరించాడు (అర్రూమ్: 41). ఈ ఆయతుకు ఇంతకంటే కళ్లకు కట్టే ఉదాహరణ ఏముంటుంది?

ఫిఖ్‌హ్ ఏమంటున్నది?

ఇక్కడ మనల్ని ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధ గ్రంథమైన 'హిదాయా'ను రాసిన ఇమామ్ మర్గీనానీ (రహ) ఫర్గానా ప్రాంతీయులు. హిజ్రీ 593లో పరమపదించారు. బంజరు భూముల సాగును గురించిన అధ్యాయంలో ఆయన నీటిని రకాలుగా విభజించారు. పాత్రలో నింపుకున్న నీరు నింపుకున్నవాని సొంతం. పెద్ద నదుల నీరు మాత్రం ఎవరి సొంతమూ కాదు. ఆ పెద్ద నదులకు ఉదాహరణగా ఆయన పేర్కొన్న వాటిలో మొదటిది జైహూనే!

అటువంటి నదిలో తాగే హక్కు అందరికీ ఉంది. ఫిఖ్‌హ్ వేత్తలు దీనిని 'హక్కె షఫా' అన్నారు. ఇందులో మనుషులతోపాటు పశువుల దాహం కూడా చేరి ఉన్నది. బంజరును సాగులోకి తెచ్చినవాడు ఆ నది నుంచి కాలువ తవ్వుకోవచ్చు. అయితే దానివల్ల ప్రజానీకానికి నష్టం కలగరాదు. నష్టం కలిగే పక్షంలో అతనికి ఆ హక్కు లేదు. ఎందుకంటే ప్రజలకు కలిగే నష్టాన్ని తొలగించడం విధి. ఎనిమిది వందల ఏళ్లకు పూర్వం ఆ నదీ ప్రాంతపు పండితుడు రాసిపెట్టిన ఈ షరతును పాటించి ఉంటే అరల్ సముద్రం ఈనాడు బతికి ఉండేది.

ఈ ధర్మానికి మూలం దైవప్రవక్త (స) బోధనల్లోనే ఉంది. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ముస్లిములు పరస్పరం భాగస్వాములని ఆయన ప్రబోధించారు (అబూదావూద్). మదీనాలో మహ్‌జూర్ అనే వాగు వర్షాలకు మాత్రమే పారేది. ఎగువ రైతు చీలమండల లోతు వరకు నీరు నిలుపుకొని, ఆపై దిగువ వానికి వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు.

హజ్రత్ జుబైర్ (రజి)కు, ఒక అన్సారీకి హర్రా కాలువల విషయంలో వచ్చిన తగాదా కూడా ఇటువంటిదే (బుఖారీ). తోటను తడుపుకొని నీటిని పొరుగువానికి వదలమని దైవప్రవక్త (స) మొదట జుబైర్ (రజి)కు సలహా ఇచ్చారు. ఇది ఔదార్యంతో కూడిన తీర్పు. అన్సారీ దానిని పక్షపాతమని ఆక్షేపించగా, గట్ల వరకు నీరు నిలిచేదాకా ఆపుకోమని జుబైర్ (రజి)కు పూర్తి హక్కు ఇప్పించారు. ఇది న్యాయం. ఈ సంఘటనలో ఎగువ వానికి రెండు మెట్లు కనిపిస్తున్నాయి: ఒకటి ఔదార్యం, రెండవది న్యాయం. న్యాయంలో కూడా గట్టు అనే హద్దు ఉంది. మొత్తం నీరు నాదే అనే మూడవ మెట్టు షరీఅత్‌లో లేనే లేదు.

పేదవాని కాలువ

ఇప్పుడొక కష్టమైన ప్రశ్న. 2022లో ఆఫ్ఘనిస్తాన్ పాలకులు అము దర్యా నుంచి ఖోష్ తెపా అనే కాలువ తవ్వడం మొదలుపెట్టారు. దాని పొడవు సుమారు 285 కిలోమీటర్లు. ఐదున్నర లక్షల హెక్టార్లకు నీరివ్వాలన్నది ప్రకటించిన లక్ష్యం. ఇసుక నేలలో సరైన పూత లేకుండా తవ్వుతున్నందువల్ల ఎంతో నీరు ఇంకిపోతుందని నిపుణులు హెచ్చరించారు. దిగువన ఉన్న ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ ప్రజల్లో ఆందోళన మొదలైంది. ఎగువన ఉన్నదీ ముస్లిములే, దిగువన ఉన్నదీ ముస్లిములే.

ఎవరిది న్యాయం? తొందరపడి తీర్పు చెప్పరాదు. దశాబ్దాల యుద్ధంలో నలిగి, ఆకలితో అలమటించిన జాతి తన సరిహద్దులో పారే నది నుంచి పంట పండించుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? 1992లో మధ్య ఆసియా దేశాలు ఐదు నీటి పంపకంపై ఒప్పందం చేసుకున్నప్పుడు అందులో ఆఫ్ఘనిస్తాన్‌కు చోటు లేదు. ఇన్నేళ్లూ దిగువ దేశాలు పత్తి చేలకు నీటిని ధారాళంగా పారించాయి. వారి కాలువల్లోనూ నీరు ఇంకిపోతూనే ఉంది. తాను దుబారా చేస్తూ, ఎదుటివానికి నువ్వు తవ్వకూడదని చెప్పేవాని మాటకు విలువ ఉండదు.

కాలువ తవ్వడం మౌలికంగా పుణ్యకార్యమే. జహ్హాక్ బిన్ ఖలీఫా (రజి) తన కాలువను ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) పొలం గుండా తీసుకెళ్లదలిచినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. ఆయనకు దానివల్ల నష్టం లేదు, పైగా లాభమే. కనుక హజ్రత్ ఉమర్ (రజి) కాలువ సాగవలసిందేనని గట్టిగా ఆదేశించారు. నష్టం లేనిచోట అడ్డుపడటం తప్పు. నష్టం ఉన్నచోట ముందుకు సాగడం తప్పు. రెండూ ఒకే సూత్రానికి రెండు ముఖాలు.

కాబట్టి ఆఫ్ఘన్ రైతుకు హక్కు ఉంది, కాని చీలమండల వరకే. దిగువ రైతుకూ హక్కు ఉంది, కాని దుబారాకు కాదు. ముందు అందరి దాహం, తరువాత అందరి అన్నం, ఆ తరువాతే లాభం కోసం వేసే పంట. ఈ క్రమంలో కూర్చొని సంధి చేసుకోవడమే విశ్వాసుల మార్గం. కాలువకు పూత వేయడం, తీసుకునే నీటిని కొలవడం, ఆ లెక్కను పొరుగువానికి చూపడం కూడా ఈ సందర్భంలో ధర్మంలో భాగమే.

మూగజీవుల వాటా

పంపకం మనుషుల మధ్య పూర్తయితే సరిపోతుందా? వఖ్ష్, పంజ్ నదులు కలిసి అము దర్యాగా మారే చోట తజికిస్తాన్‌లో నదీతీరపు అడవి ఉంది. 1938 నుంచి అది రక్షిత వనం. 2023లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వనం పేరుకు పులుల లోయ అని అర్థం. కాని ఆ పులి జాతి నేడు భూమి మీదే లేదు. వేట, అడవుల నరికివేత కలిసి దానిని తుడిచిపెట్టాయి. మిగిలిన అడవి నది వరద మీద ఆధారపడి బతుకుతున్నది.

సమూద్ జాతి వృత్తాంతం గుర్తు చేసుకోండి. ప్రవక్త సాలిహ్ (అ.స) జాతికి అల్లాహ్ ఒక ఆడ ఒంటెను సూచనగా పంపాడు. నీరు తాగడానికి ఒక రోజు దాని వంతు, ఒక రోజు వారి వంతు అని నిర్ణయించాడు (అష్షుఅరా: 155). ఒక జంతువు తమ నీటిలో వాటాదారు కావడాన్ని వారు సహించలేకపోయారు. దాన్ని చంపి తామే నశించారు. అది మహిమగా వచ్చిన ఒంటె కదా, ప్రతి జంతువుకూ అదే ఆదేశం ఎలా వర్తిస్తుందని ఎవరైనా అడగవచ్చు. నిజమే, వంతుల ఆదేశం ఆ ఒంటెకే ప్రత్యేకం. కాని నేలపై తిరిగే జంతువులూ, ఎగిరే పక్షులూ మీవంటి సమాజాలేనని ఖుర్ఆన్ అందరికీ చెప్పింది (అల్ అన్ఆమ్: 38). వర్షపు నీటిని పశువులకూ, మనుషులకూ తాపుతున్నామని చెబుతూ పశువులనే ముందు పేర్కొన్నది (అల్ ఫుర్ఖాన్: 49). కనుక నదిలో కొంత నీటిని దాని దారిన పోనివ్వడం వృథా కాదనీ, అది హక్కుదారులకు హక్కు చెల్లించడమేననీ ఈ అల్పుని అభిప్రాయం. వల్లాహు అఅలమ్.

మన ఇంటి కుళాయి

అము దర్యా ఎక్కడో ఉంది కదా, మనకెందుకు అనుకోకండి. వీధి కుళాయికి మోటారు బిగించి నీరు లాగేవాడు తన వీధికి ఎగువ రైతే. చివరి ఇంట్లో ఉన్న వితంతువు బిందె ఖాళీగా ఉండిపోతే, ఆ లెక్క అతని ఖాతాలోనే పడుతుంది. కాలువ కింద మొదటి పొలాలవారు రాత్రికి రాత్రి తూములెత్తుకుంటే, చివరి ఆయకట్టు రైతు నారుమడి ఎండిపోతుంది. అతడు ముస్లిమైనా కాకపోయినా, పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర ఉండదు.

పారే నది ఒడ్డున వుజూ చేసినా దుబారా పనికిరాదన్న హదీసు ఇబ్నెమాజాలో ఉంది. దాని పరంపరలో బలహీనత ఉందని ముహద్దిసులు అన్నప్పటికీ, దుబారా కూడదన్న భావం ఖుర్ఆన్‌తో ధ్రువపడుతున్నది. మస్జిదులో వుజూ కుళాయిని సగం తిప్పడంతో మనం మొదలుపెట్టవచ్చు. పిల్లలకు నీటి విషయంలో ముందుగా నేర్పవలసినది, మన తరువాత ఇంకొకరు ఉన్నారన్న సంగతే.

మీ నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని మీకు తెచ్చిపెట్టేవాడెవడని అల్ ముల్క్ సూరా చివరి ఆయతులో అల్లాహ్ అడుగుతున్నాడు. మూయ్‌నాక్ ఇసుకలో నిలిచిన ఓడలను చూసినవారికి ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది.

ఓ అల్లాహ్! నీవు ప్రసాదించిన నీటిలో ఇతరుల వాటాను కాజేసేవారిలో మమ్మల్ని చేర్చకు. మా తరువాత వారికి వదలగల హృదయాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.