బైబిల్ ప్రొఫెసర్‌కి నమ్మకం ఉండాలా? మన శాస్త్రం ఏమంటోంది?



"గురువు అంటే ఎవరు" అనే ఈ వారం వీడియోలో శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు అనే రెండు మాటలు చెప్పుకున్నాం. టైమ్ సరిపోక అక్కడ వదిలేసిన ఒక ప్రశ్న ఇక్కడ తీసుకుందాం. ఒక మతగ్రంథాన్ని యూనివర్సిటీలో పాఠంగా చెప్పేవాడు ఆ మతాన్ని నమ్మాలా? నమ్మకపోతే చెప్పే అర్హత లేనట్టేనా?

మన గ్రంథాలతో మొదలుపెడితే ఆలోచన కంటే ముందు ఆవేశం వచ్చేస్తుంది. అందుకే ముందు పక్కింటి గ్రంథం బైబిల్ తీసుకుందాం. మన ఇంటికి తర్వాత వద్దాం.

రెండు రకాల ఉద్యోగ ప్రకటనలు

అమెరికాలో, యూరప్‌లో బైబిల్ అధ్యయనం ఒక పెద్ద విద్యారంగం. సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ అనే పండితుల సంఘం 1880లోనే మొదలైంది. ఆ రంగంలో వచ్చే ఫ్యాకల్టీ ప్రకటనలు ప్రధానంగా రెండు రకాలు.

మొదటి రకం మామూలు యూనివర్సిటీలవి. డాక్టరేట్ ఉందా, పాత నిబంధనకి హీబ్రూ, కొత్త నిబంధనకి గ్రీకు వచ్చా, ఏం ప్రచురించారు, క్లాసు ఎలా చెబుతారు, ఇవే అడుగుతారు. మీరు చర్చికి వెళ్తారా అని అడగరు. రెండో రకం చర్చి నడిపే కాలేజీలవి. పై అర్హతలన్నీ ఉండాలి, దాంతోపాటు ఒక విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి. కొన్ని చోట్ల ఆ సంతకం ఏటా పెట్టాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. గచ్చిబౌలిలో మన ఆఫీసుల మధ్యే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సంస్కృత విభాగం ఉంది. పాణిని వ్యాకరణాన్ని కంప్యూటర్‌కి నేర్పే పని అక్కడ చాలా బాగా జరిగింది. కానీ బైబిల్‌కి విభాగం లేదు. బైబిల్‌ని లోతుగా చదవాలంటే లోయర్ ట్యాంక్ బండ్ దగ్గరున్న ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లాంటి చోటికి వెళ్ళాలి. అది 1964లో రాజమండ్రిలో మొదలై, 1970లలో హైదరాబాద్ వచ్చింది. డిగ్రీలు బెంగాల్‌లోని సేరంపూర్ నుంచి వస్తాయి. 1818లో పెట్టిన ఆ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు, అప్పట్లో ఆ ఊరు డేనిష్ వాళ్ళ చేతిలో ఉండేది. ఇంకో విషయం, తెలుగు క్రైస్తవులు థియాలజీని "వేదాంతం" అనే అంటారు. మాట మనదే!

ఎందుకిలా విడిపోయిందంటే, పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మతబోధ వేరు, మతాల గురించి చదవడం వేరు అని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. అంటే తలుపు మూసిలేదు. మద్రాసు యూనివర్సిటీలో క్రిస్టియన్ స్టడీస్ విభాగం ఉంది కూడా. మన దగ్గర మాత్రం ఆ తలుపు తీసినవాళ్ళు తక్కువ.

రాయదుర్గంలో మా ఆఫీసు కాఫీ మెషిన్ దగ్గర ఒక కొలీగ్ దీని గురించి ఒక మాట అన్నాడు. ఏలూరు వైపు కుర్రాడు. వాళ్ళన్నయ్య పాత నిబంధనలో పీజీ చేశాడు. "మా అన్నయ్య హీబ్రూ చదువుతాడు బ్రో. కానీ చర్చి కాలేజీలో ఖాళీ ఉంటేనే ఉద్యోగం, లేకపోతే లేదు. సంస్కృతం చదివినవాడికి గుడి ఒక్కటే దిక్కైతే మీకెలా ఉండేది?" నా దగ్గర వెంటనే చెప్పడానికి జవాబు లేదు.

శాస్త్రంలో ఉన్న జేడీ

మన వేదాంత గ్రంథాలు మొదలయ్యేటప్పుడు అనుబంధ చతుష్టయం చెబుతారు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ గ్రంథం దేని గురించి, చదివితే ఏం దక్కుతుంది, ఈ రెండింటికీ గ్రంథానికీ లంకె ఏమిటి, ఎవరు చదవాలి. మన భాషలో చెప్పాలంటే ముందే క్లియర్‌గా రాసిన జేడీ. ఇందులో నాకు చాలా ముఖ్యంగా కనిపించేది ప్రయోజనం. అది మారితే చదివేవాడు మారతాడు, చెప్పేవాడి అర్హత కూడా మారుతుంది.

గురువు శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు అయి ఉండాలని ముండకోపనిషత్తు చెప్పింది. శ్రోత్రియుడంటే గ్రంథం తెలిసినవాడు. బ్రహ్మనిష్ఠుడంటే అందులోనే నిలిచినవాడు. ఈ రెండూ ఉండాల్సింది ఎవరికి? సత్యాన్ని తెలుసుకుని తరించాలని వచ్చిన శిష్యుడికి చెప్పే గురువుకి. మోక్షం ప్రయోజనమైతే రెండూ కావాలి, బేరం లేదు.

మరి యూనివర్సిటీ క్లాసు ప్రయోజనం మోక్షమా? కాదు కదా. ఈ పాఠం ఎప్పటిది, ఈ మాటకి ఆ కాలంలో అర్థం ఏమిటి, ఎవరు ఎలా వ్యాఖ్యానించారు, ఇవి తెలియడం. దీనికి శ్రోత్రియుడు చాలు. రెండోది ఉంటే సంతోషం, కానీ దాన్ని ఇంటర్వ్యూలో ఎలా కొలుస్తారు? సంతకంతోనా, బొట్టుతోనా?

పాస్టర్లని తయారుచేసే కాలేజీ మాత్రం బోధకుడి విశ్వాసాన్ని అడగొచ్చు. అది తప్పు కాదు. మత సంస్థ పదవుల్లో ఆ మతం వాళ్ళే ఉండాలనే చట్టాన్ని రాజ్యాంగం 16(5) అనుమతిస్తుంది. తిరుమలలో టీటీడీ ఉద్యోగి హిందువై ఉండాలంటే మనం సరే అంటాం. అదే న్యాయం ట్యాంక్ బండ్ దగ్గర కూడా సరే అనాలి.

సంతకం పెట్టినవాడి ధర్మం

ఇక అసలు చిక్కు. సంతకం పెట్టి ఉద్యోగంలో చేరాక, చదివే కొద్దీ నమ్మకం మారిపోతే?

జర్మనీలో యూలియస్ వెల్‌హౌజన్ అనే పండితుడు ఉండేవాడు. మోషే పేరు మీదున్న మొదటి ఐదు పుస్తకాలు ఒక్కరు రాసినవి కావు, వేర్వేరు కాలాల రచనల్ని కలిపి కూర్చినవి అనే వాదానికి ఆయన పేరే ముందు వస్తుంది. గ్రైఫ్స్‌వాల్డ్‌లో థియాలజీ ప్రొఫెసర్. 1882లో తనే రాజీనామా చేశాడు. ఆయన చెప్పిన కారణం సారాంశం ఇది: నా పని విద్యార్థుల్ని చర్చి సేవకి సిద్ధం చేయడం, కానీ నా పాఠాలు వాళ్ళని ఆ పనికి పనికిరాకుండా చేస్తున్నాయి. తర్వాత హాలె యూనివర్సిటీలో అంతకంటే చిన్న హోదాలో ప్రాచ్య భాషలు చెప్పుకున్నాడు. తన వాదాన్ని వదల్లేదు, తనకి తగని కుర్చీని వదిలేశాడు.

ఇప్పుడు మన కుమారిల భట్టు కథ గుర్తు తెచ్చుకోండి. బౌద్ధాన్ని ఖండించాలంటే ముందు దాన్ని లోపలినుంచి తెలుసుకోవాలని, తనెవరో దాచి బౌద్ధ గురువుల దగ్గర చదివాడని శంకర విజయ కథలు చెబుతాయి. ఆయన వాదంలో గెలిచాడు, వేదాన్ని నిలబెట్టాడు. అయినా గురువుని మోసం చేశాననే బాధతో ఊకనిప్పులో కాలిపోవడానికి సిద్ధపడ్డాడు. చరిత్ర ఎంత, కథ ఎంత అనేది పక్కన పెట్టండి. మన సంప్రదాయం ఈ కథని ఎలా చెప్పిందో చూడండి. ఉద్దేశం వేదరక్షణే అయినా, దాచిపెట్టి చేరడాన్ని మాత్రం తప్పుగానే లెక్కపెట్టింది.

ఇద్దరి మధ్యా వెయ్యేళ్ళు తేడా, మతం వేరు, దేశం వేరు. ఇద్దరికీ తెలిసిన ధర్మం ఒక్కటే: ఏ షరతు ఒప్పుకుని కూర్చున్నావో ఆ షరతుకి అబద్ధం ఆడకు.

ఇప్పుడు అద్దం మనవైపు

2019 నవంబర్‌లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జరిగింది గుర్తుందా? సంస్కృత విద్యా ధర్మ విజ్ఞాన ఫ్యాకల్టీలో సాహిత్యం చెప్పడానికి ఫిరోజ్ ఖాన్ అనే సంస్కృత పండితుడు ఎంపికయ్యారు. ముస్లిం కాబట్టి వద్దని విద్యార్థులు ధర్నాకి కూర్చున్నారు. ఎంపిక నిబంధనల ప్రకారమే జరిగిందని యూనివర్సిటీ చెప్పింది. చివరికి డిసెంబర్‌లో ఆయన అక్కడ రాజీనామా చేసి, ఆర్ట్స్ ఫ్యాకల్టీ సంస్కృత విభాగంలో చేరారు. ఆయన తండ్రి రమ్జాన్ ఖాన్ కృష్ణ భజనలు పాడే గాయకుడు. 2020లో పద్మశ్రీ వచ్చింది.

విద్యార్థుల వాదనలో ఒక బలమైన మాట ఉంది. అక్కడ చెప్పేది భాష మాత్రమే కాదు, ధర్మం, కర్మకాండ కూడా అన్నారు. సరే, ఆ ఫ్యాకల్టీ ప్రయోజనం అదే అనుకుందాం. అప్పుడు ఆ షరతు ముందే ప్రకటనలో రాయాలి, చట్టం ఒప్పుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది. సాహిత్యం పోస్టుకి పిలిచి, పాండిత్యం చూసి, ఎంపిక చేసి, ఆ తర్వాత "నీ పేరు నచ్చలేదు" అంటే అది ధర్మరక్షణ ఎలా అవుతుంది? ఆఫర్ లెటర్ ఇచ్చాక కొత్త కండిషన్ పెడితే మన కారిడార్‌లో ఎంత గోల చేస్తాం!

"వాళ్ళు మనల్ని రానిస్తారా?" అని అడుగుతారు. రానిచ్చిన చోటు ఉంది. అమెరికాలో మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ లూథరన్ కాలేజీ. అక్కడ అనంతానంద్ రాంబచన్ అనే హిందువు, అద్వైత పండితుడు, దశాబ్దాలు పాఠాలు చెప్పారు. మత అధ్యయన విభాగానికి అధిపతిగా కూడా ఉన్నారు. రానివ్వని చోట్లూ ఉన్నాయి, నిజమే. కానీ మన ధర్మం పక్కవాడి ప్రవర్తన మీద ఆధారపడితే అది మన ధర్మం ఎలా అవుతుంది?

"నమ్మనివాళ్ళు మన గ్రంథాల్ని వక్రీకరిస్తారు" అనేది ఇంకో భయం. కొన్ని పుస్తకాలు చూస్తే ఆ కోపం నాకూ వస్తుంది. అయితే తప్పు అనువాదానికి జవాబు సరైన అనువాదం. రాసినవాడి కులమతాలు చూస్తే తప్పు బయటపడదు, మూలం తెరిస్తే బయటపడుతుంది. 1829లో వేమన పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసిన సీపీ బ్రౌన్ హిందువు కాదు. తెలుగువాళ్ళం ఆయనకి దండం పెట్టింది ఆయన పని చూసి. మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గర కౌశికుడు ధర్మం నేర్చుకున్నాడని మన మహాభారతమే చెబుతోంది. అక్కడ శిష్యుడికి కష్టమైంది పాఠం కాదు, ఆ దుకాణం ముందు చేతులు కట్టుకుని నిలబడటం.

మనం చేయగలిగింది

2022లో బనారస్‌లో హిందూ స్టడీస్ ఎంఏ మొదలైంది, నెట్ పరీక్షలో కూడా అది ఒక సబ్జెక్ట్ అయింది. 2024లో జేఎన్‌యూ హిందూ, బౌద్ధ, జైన అధ్యయన కేంద్రాలు ప్రకటించింది. సంతోషం. రేపు ఈ పోస్టులకి ఒక క్రైస్తవ అమ్మాయి సంస్కృతం నేర్చుకుని, పరీక్ష పాసై వస్తే? అదే రోజు గచ్చిబౌలిలో బైబిల్ విభాగం పెట్టి, హీబ్రూ నేర్చుకున్న ఒక శాస్త్రిగారబ్బాయి దరఖాస్తు పెడితే? ఇద్దరికీ ఒకే జవాబు చెప్పగలగాలి. నా కొలీగ్ వాళ్ళన్నయ్యకి కూడా అదే జవాబు.

ఈసారి ఇలాంటి వార్త మీ ఫోన్‌లో కనిపించినప్పుడు ఫార్వర్డ్ చేసే ముందు మూడు విషయాలు చూడండి. ఆ ఉద్యోగం ప్రయోజనం తరింపజేయడమా, తెలియజేయడమా? షరతు ముందే రాసి ఉందా, తర్వాత పుట్టిందా? అదే షరతు రేపు మన వాడికి పెడితే ఒప్పుకుంటామా?

మూడోదానికి కొంచెం ఆగి జవాబు చెప్పుకోండి. నాకు కష్టమనిపించింది అదే.

శుభం. వచ్చే వారం కలుద్దాం.