నకిలీ బొమ్మను ఏం చేయాలి?



బొమ్మలు సేకరించే అలవాటు మన కుటుంబాలకు కొత్త కాదు. ఒకరి అద్దాల బీరువాలో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంటుంది. మరొకరి ఇంట రైల్వేకోడూరు దగ్గర శెట్టిగుంటలో చెక్కిన ఎర్రచందనం బొమ్మలు ఉంటాయి. ఈనాటి పిల్లలు, కొందరు పెద్దలు సైతం, అరచేతిలో ఇమిడే లోహపు కార్లను కంపెనీ పేరు చూసి కొని వరుసగా పేర్చుకుంటున్నారు. అలా ముచ్చటపడి కొన్నవాటిలో ఒకటి నకిలీదని తేలిందనుకుందాం. కొండపల్లిదని అమ్మినది ఎక్కడో అచ్చుపోసిన ప్లాస్టిక్కు. ఎర్రచందనమని అమ్మినది రంగు పట్టించిన మామూలు కొయ్య. అమ్మినవాడు మళ్లీ కనబడడు, డబ్బు తిరిగి రాదు. ఇప్పుడు ఆ బొమ్మను ఏం చేయాలి?

ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచన ఎందుకని మీరు అడగవచ్చు. మోసపోయినవాడు తానే మోసగాడుగా మారే గడప సరిగ్గా ఇక్కడే ఉంది. అందుకే ఆలోచించాలి.

మొదట నకిలీ అంటే ఏమిటో తేల్చుకుందాం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు మనకు తెలిసినవే. ఆ ఊళ్లోనే రోల్డుగోల్డు నగలూ అమ్ముతారు. రోల్డుగోల్డు గొలుసును రోల్డుగోల్డని చెప్పి అమ్మేవాడు ఎవరినీ మోసగించడం లేదు. కొన్న ఇల్లాలు దాన్ని పెళ్లికి సంతోషంగా వేసుకోవచ్చు. అదే గొలుసును బంగారమని చెప్పి అమ్మిన క్షణాన అది నకిలీ అవుతుంది. లోహం మారలేదు, పూత మారలేదు. దాని పక్కన నిలబెట్టిన మాట మారింది. అంటే నకిలీతనం వస్తువులో లేదు, వస్తువు గురించి చెప్పిన అబద్ధంలో ఉంది. పోలిక పాపం కాదు, పోలికను అసలుగా చలామణీ చేయడమే పాపం.

13వ శతాబ్దపు తత్త్వవేత్త పునీత తోమాసు అక్వినాసు తన మహాగ్రంథం సుమ్మాలో, అమ్మకాలలో జరిగే మోసాన్ని గురించి చర్చిస్తూ, రసవాదులు తయారుచేసే బంగారం ప్రస్తావన తెచ్చారు. బంగారపు నిజమైన గుణాలు లేనిదాన్ని బంగారమని అమ్మితే అది మోసమే అన్నారు. అంతకంటే మనకు పనికివచ్చే మాట ఇంకొకటి అక్కడే చెప్పారు. సరుకులోని లోపం తెలియక అమ్మినవాడు పాపి కాడు. కానీ ఆ లోపం తెలిసిన తరువాత కొన్నవాని నష్టాన్ని పూడ్చవలసిన బాధ్యత అతనిపై పడుతుంది. గమనించండి, ఇక్కడ మనిషిని మార్చింది తెలివిడి. నిన్నటి దాకా మీ చేతిలోని బొమ్మ మీకు జరిగిన అన్యాయం మాత్రమే. ఈరోజు నిజం తెలిసింది కనుక అది మీ బాధ్యత కూడా అయింది.

ఇక మన ముందున్న దారులు చూద్దాం. మొదటిది మారు అమ్మకం. 'నేను మోసపోయాను, నా డబ్బు నాకు రావాలి' అనే వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. చిరిగిన నోటును మడతలో దాచి బస్సు కండక్టరుకు అంటగట్టేవారి వాదనా ఇదే. దొంగనోటును చీకట్లో కానుకల తట్టలో వేసేవాడు కూడా లోలోపల ఇదే అనుకుంటాడు. బ్యాంకు ఏం చేస్తుందో చూడండి. మీరు తెచ్చినది దొంగనోటని తేలితే దానిపై నకిలీ నోటని ముద్ర వేసి, స్వాధీనం చేసుకుని, మీకు రసీదు ఇస్తుంది. నోటు తిరిగి ఇవ్వదు, బదులు డబ్బూ ఇవ్వదు. ఈ నియమం కఠినంగా తోస్తుంది. ఎవరో ఒకరి దగ్గర ఆ నోటు ప్రయాణం ఆగాలి కదా! ఆగిన చోట ఉన్నవాడు నష్టపోతాడు. దాటించేస్తే అతని నష్టం తీరుతుంది, అబద్ధం మాత్రం బ్రతికే ఉంటుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్న సామెత ఇందుకే పుట్టి ఉంటుంది. కర్నూలు రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నకిలీ పత్తి విత్తనమని తెలిసీ మిగిలిన సంచిని పక్క ఊరి బంధువుకు అమ్మేవాణ్ణి మనం ఏమంటాము?

రెండవది దానం. పండుగ స్టాలుకో, అనాథ పిల్లలకో ఇచ్చేస్తే పుణ్యమూ దక్కుతుంది, పీడా విరగడవుతుంది అనిపిస్తుంది. తొందరపడవద్దు. పిల్లల బొమ్మలో అబద్ధంతో పాటు ప్రమాదమూ ఉండవచ్చు. 2019లో భారత నాణ్యతా మండలి పరీక్షించిన దిగుమతి బొమ్మల నమూనాలలో సుమారు మూడింట రెండు వంతులు భద్రతా పరీక్షలలో నిలవలేదు. అటుపై 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. ఏ రంగు వాడారో, ఏ ప్లాస్టిక్కు కరిగించారో తెలియని వస్తువును మన బిడ్డ నోట్లో పెట్టనివ్వము. అలాంటప్పుడు పేద బిడ్డకు ఎలా ఇస్తాము? మనకు పనికిరానిది పేదవానికి చాలులే అనుకోవడం దానం కాదు, బరువు దించుకోవడం.

మూడవది నాశనం చేయడం. చట్టం మొగ్గు ఇటే ఉంది. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందం నకిలీ సరుకును వ్యాపార మార్గాల నుంచి పూర్తిగా తప్పించాలని, లేదా ధ్వంసం చేయాలని కోరుతుంది. దొంగ పేరు చెరిపేసి మళ్లీ అంగట్లో పెడితే, అరుదైన సందర్భాలలో తప్ప, అది చాలదంటుంది. దిగుమతులకు మన దేశం 2007లో చేసిన నియమాలూ ఈ బాటలోనే ఉన్నాయి. కారణం తెలిసిందే. చెరిపిన పేరును మళ్లీ అతికించడం ఎంతసేపు?

కానీ మన సీమవాసుల మనసు దీనికి ఒప్పుకోదు. వానల కోసం ఆకాశం వైపు చూసే నేలపై పుట్టినవాళ్లం. పాత చీరను బొంతగా, పగిలిన కుండను కోళ్లకు నీళ్ల చిప్పగా వాడుకున్న తల్లుల బిడ్డలం. గట్టిగా ఉన్న వస్తువును ఊరికే పగులగొట్టడం మనకు తప్పుగా తోస్తుంది. ఆ భావం మంచిదే. కొయ్య ఏ తప్పూ చేయలేదు. దాన్ని చెక్కిన కూలివాడు బహుశా పొట్టకూటికే చేశాడు.

ఈ రెండు న్యాయాలను కలిపే సూత్రం ఒక్కటే ఉన్నట్లు నాకు తోస్తుంది: వస్తువు వెళ్లే చోటికల్లా దాని నిజం కూడా వెళ్లగలదా? వెళ్లగలిగితే ఉంచుకోండి. వెళ్లలేకపోతే అక్కడికక్కడే ఆపండి.

దీన్ని అమలు చేసి చూద్దాం. ఇంట్లో ఒక్క బొమ్మ ఉంది, ప్రమాదకరం కాదు. అడుగున చెరగని సిరాతో 'ఇది అసలు కాదు' అని వ్రాసి ఉంచుకోవచ్చు. నోటిమాట చాలదా అంటే చాలదు. మీ తరువాత బీరువా తెరిచే మనుమడికి మీ నోటిమాట వినిపించదు. గొలుసైతే గీటురాయి మీద గీసి చూసేవాడు దొరుకుతాడు, బొమ్మకు ఆ సౌకర్యం తక్కువ. రంగు ఊడుతున్నా, ఘాటు వాసన వస్తున్నా పిల్లలకు అందనీయకండి. ప్లాస్టిక్కును పెరట్లో కాల్చవద్దు, ఆ పొగ విషం. విరిచి, పేరున్న అట్టపెట్టెను చించి, పొడి చెత్తలో వేయండి. పెట్టె చించమనడానికి కారణముంది, ఖాళీ పెట్టె కూడా ఇంకొక నకిలీకి ఇల్లవుతుంది.

దుకాణదారు సంగతి వేరు. అతని దగ్గర రెండు వందల నకిలీ బొమ్మలు ఉంటే ఒక్కొక్కదానిపై వ్రాసినా నిజం నిలవదు. చేతులు మారేకొద్దీ వ్రాత చెరుగుతుంది. అతడు సరుకు అమ్మకం ఆపాలి. పంపినవాని వివరాలు అధికారులకు తెలపాలి. ఇదివరకే కొని, తిరిగి వచ్చి అడిగినవారికి సొమ్ము ఇవ్వాలి. నష్టం పెద్దదే. అయినా ఆ నష్టాన్ని ఏమీ తెలియని కొనుగోలుదారులకు పంచే హక్కు అతనికి లేదు.

చివరగా, ఈ లెక్కలో కనబడని మనిషి ఒకడున్నాడు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, అవయవాలు విడివిడిగా చెక్కి, చింతపిక్కల జిగురుతో అతికి, రంగులు దిద్దే కళాకారుడు. అటవీ చట్టాల మధ్య కలప న్యాయంగా దొరికితే తప్ప ఉలి కదపలేని శెట్టిగుంట కళాకారుడు. మీకు పోయింది కొన్ని వందల రూపాయలు. వాళ్లకు పోతున్నది పేరు, దానితో పాటు పిల్లలకు ఆ పని నేర్పాలన్న ఆశ. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. అలాంటి చట్టం ఊరి పేరును కాపాడగలదు. ఆ పేరును అన్నంగా మార్చేది మాత్రం కొనేవారే.

కాబట్టి నకిలీని వదిలించుకోవడంతో పని సగమే అయింది. వీలైనప్పుడు, చిన్నదైనా సరే, ఒక అసలు బొమ్మను చేసినవారి దగ్గరే, చెప్పిన ధరకు, గీచి గీచి బేరమాడకుండా కొనండి. ఎవరు చేశారో, ఎలా చేశారో మీ పిల్లలకు చెప్పండి. అసలును చేతిలో పట్టుకుని చూసిన బిడ్డను నకిలీ అంత సులువుగా మోసగించలేదు.