వకాల్తా కందని ధర్మము

నేరము మోపబడినవాడు న్యాయవాదిని నియమించుకొనుట తప్పు కాదు. అది వాని హక్కు. కాని వాదించు పనిని ఒకరికి అప్పగించినపుడు, నిజము చెప్పవలసిన బాధ్యత కూడ వారికే బదలీ యగునా? చిరకాలము గుమాస్తాగిరి చేసి వకాల్తాలు, అఫిడవిట్లు, వాయిదా కాగితములు దస్త్రములకు కుట్టినవారము గనుక ఈ ప్రశ్న మాకు క్రొత్తది కాదు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయమున జరిగిన వ్యవహార మొకటి దీనిని విచారించుటకు మంచి ఆధారముగా నున్నది. మన పిల్లలు పెక్కుమంది ఆ దేశపు విద్యాలయములలో చదువుచుండుటచే ఆ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

అక్కడ ఫుట్‌బాల్ అనునది మన మెరిగిన ఆట కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు ఆడుదురు. 2023 నాటికి ప్రతి ఎత్తుకు ముందు గట్టున నిలిచిన శిక్షకులు చేసైగలతోను, బొమ్మల పలకలతోను ఆటగాండ్రకు వ్యూహము తెలుపుచుండిరి. ఆట జరుగుచుండగా ఎదుటివారి సైగలను కనిపెట్టుట తప్పు కాదు. కాని ముందు తలపడబోవు జట్టు ఆడుచోటికి మనిషిని పంపి వేగు చూచుటను ఎన్.సి.ఏ.ఏ. అను జాతీయ క్రీడాసంఘము 1994 నుండి నిషేధించినది. మిచిగన్ విశ్వవిద్యాలయపు జట్టులో ఉద్యోగియైన కానర్ స్టాలియన్స్ టిక్కెట్లు కొని మనుష్యులను పంపి, ఫోనులతో ఆ సైగలను చిత్రింపజేసెనను అభియోగము 2023 అక్టోబరులో బయటపడినది. నవంబరు 3న అతడు రాజీనామా చేసెను.

నవంబరు 10, శుక్రవారమునాడు బిగ్ టెన్ అను క్రీడాకూటమి కమీషనరు టోనీ పెటిటీ, ప్రధాన శిక్షకుడు జిమ్ హార్బా మిగిలిన మూడు ఆటల దినములలో మైదానమున నుండరాదని ఉత్తరువిచ్చెను. ఈ సంగతి హార్బాకు తెలిసియుండెననుటకు సాక్ష్యము తమకు చేరలేదని ఆ ఉత్తరువే ఒప్పుకొన్నది. శిక్ష విశ్వవిద్యాలయమునకే గాని వ్యక్తికి కాదనియు అందు చెప్పబడినది. ఆ రాత్రియే విశ్వవిద్యాలయమును, హార్బాయును కలిసి దావా దాఖలు చేసిరి. జాతీయసంఘపు విచారణ ఇంకను ముగియలేదనియు, కూటమి తన నిబంధనల క్రమమును తానే దాటినదనియు, పూర్తి విచారణ లేని శిక్ష న్యాయము కాదనియు న్యాయవాదుల వాదము. విచారణ 17వ తేదీకి పడినది. 16ననే ఉభయులు రాజీపడిరి. విశ్వవిద్యాలయము దావా ఉపసంహరించుకొన్నది, హార్బా మూడాటలకును దూరముగా నుండెను, కూటమి తన విచారణను మూసివేసినది. జట్టు ఆ మూడింటను గెలిచి, 2024 జనవరి 8న జాతీయ విజేత యైనది.

ఇందు న్యాయవాదులు చేసిన తప్పేమి? మా దృష్టిలో ఏమియు లేదు. వాదనలో మెలిక యున్నంత మాత్రమున అది అధర్మము కాదు. నన్నయ భట్టారకుని సభాపర్వమున ద్రౌపది సభను అడిగిన ప్రశ్న ఎట్టిది? ధర్మరాజు ముందు తన్నోడెనా, నన్నోడెనా యనునది నిక్కముగా న్యాయవాదుల ప్రశ్నయే. భీష్మునంతటివాడు దానికి బదులీయలేక ధర్మము సూక్ష్మమనెను. కాని ఆ సూక్ష్మప్రశ్నయే నిండుసభలో న్యాయమును నిలబెట్టినది. బలవంతుడు తొందరపడి శిక్షించునపుడు క్రమమేదియని అడుగు గొంతు ఒకటి ఉండవలెను. నేడు దోషి కొరకు అడిగినదే రేపు నిర్దోషిని కాపాడును.

అయితే ఆ మహాభారతముననే మరియొక ఘట్టమున్నది. అశ్వత్థామ హతుడయ్యెనని గట్టిగాను, ఏనుగు అను మాట మెల్లగాను ధర్మరాజు పలికెను. అక్షరము పట్టి చూచిన ఆ మాటలో అబద్ధము లేదు. అయినను అంతవరకు నేలకంటక నడచిన ఆతని రథము భూమిని తాకినది. ద్రౌపది మెలిక నిజమును వెలికి రప్పించుటకైనది; ధర్మరాజు మెలిక దానిని కప్పుటకైనది. రెండింటికిని భేద మిదియే.

2025 ఆగస్టులో జాతీయసంఘపు మండలి తుదినిర్ణయము వెలువరించినది. వేగు నడచుట నిజమనియు, స్టాలియన్స్ తన ఫోనును చెరువులో పారవైచెననియు, హార్బాకు బదులు ఆ మూడాటలు నడిపిన షెరోన్ మూర్ అతనితో జరిపిన 52 సందేశములను తుడిచివేసెననియు తేలినది; పిమ్మట ఆ సందేశములు దొరికినవి. విశ్వవిద్యాలయమునకు భారీ జరిమానా పడినది. నాటి తప్పునకు నేటి విద్యార్థులు బాధ్యులు కారని చివరి పోటీలకు జట్టును వెళ్లనిచ్చిరి. అప్పటికి హార్బా వృత్తి జట్టుకు వెడలి ఏడాది దాటినది. నాడు ఓడిన జట్లలో పలువురు చదువు ముగించి వెడలిపోయిరి. విచారణ జరుగనిండన్న న్యాయవాదుల మాట సరియైనదే. జరిగిన విచారణ వారి కక్షిదారునకు ప్రతికూలముగా ముగిసినది.

నిజము ముందే చెప్పిన వ్యాజ్యము చెడదా యని కొందరడుగవచ్చును. చెడవచ్చును. ఒంటరి మనిషి తన స్వేచ్ఛకు ముప్పు వచ్చినపుడు నోరు మెదపకుండుటను ఏ ధర్మశాస్త్రమును నిందింపదు. కాని విద్యాలయ మట్టిది కాదు. దాని పనియే నేర్పుట. మైదానమున నూరుమంది యువకులు దాని ముఖము చూచుచుండగా, “ఋజువు కాలేదు” అను మాటకును “జరుగలేదు” అను మాటకును నడుమ దాగియుండుట కూడ ఒక పాఠమే యగును. మాకు నిబంధనల క్రమము కావలెను, దాని కొరకు వాదింతుము, మాయింట జరిగినదానికి మాత్రము మేమే సిగ్గుపడుచున్నామని పలికినచో ఆ జట్టు కొన్ని విజయములను కోల్పోయెడిదేమో. గురుస్థానమును కోల్పోయెడిది కాదు.

పరభాషాప్రాంతములలో తరతరములుగా నిలద్రొక్కుకొన్న మన కుటుంబములకు ఈ విచారణ అవసరము. మన సంఘపు లెక్కలలోనో, పాఠశాల నిర్వహణలోనో చిక్కు వచ్చినపుడు తప్పక న్యాయవాదిని పిలుతము. వారు మన హక్కులను కాపాడుదురు. కాని మన బిడ్డలు ఇంట అడుగు ప్రశ్నకు బదులు చెప్పవలసినది మనమే. వకాల్తా కాగితముపై మనము వ్రాసి యిచ్చునది వాదించు అధికారము మాత్రమే. మనస్సాక్షిని వ్రాసి యిచ్చుటకు ఏ ముద్ర కాగితమును చాలదు.