రంగు మార్చుట ఎవరి దోషము?

పూటకొక మాట చెప్పువానిని ఊసరవెల్లి అని మనము నిందించుచున్నాము. ఆ మూగజీవికి ఈ నింద న్యాయమేనా?

రంగు మార్చు ప్రాణులు అనేకములు. ఊసరవెల్లికి ముఖ్యముగా నరములును, కప్పకు హార్మోనులును ఈ పని చేయుచున్నవి. కప్ప సంగతి చూతము. దక్షిణాఫ్రికా మడుగులలో కాలివ్రేళ్లకు గోళ్లుగల కప్ప యొకటి కలదు. నల్లని తొట్టిలో నుంచినయెడల అది నల్లబడును; తెల్లని తొట్టిలో పాలిపోవును. దాని కన్ను చుట్టునున్న రంగును చూడగా, మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి ఒక హార్మోనును రక్తములోనికి విడుచును. అది చర్మమును చేరగా, కణముల నడుమ ముద్దగానున్న నల్లని రేణువులు నలుదిక్కుల పరచుకొనును. హార్మోను తగ్గగా అవియే మరల నడుమకు చేరును. 1927లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయమునకు వచ్చిన లాన్సెలాట్ హాగ్‌బెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ గ్రంథిని తీసివేయగా కప్ప పాలిపోయెను. గ్రంథి రసమును సూదితో ఎక్కించగా నల్లబడెను.

ఇందులో కప్ప చేసిన నిర్ణయమేమున్నది? కన్ను చూచెను, గ్రంథి స్రవించెను, చర్మము మారెను. సృష్టికర్త దానికిచ్చిన కాపుదల అది. అబద్ధమాడుటకు నిజమేదో ఎరిగియుండవలెను గదా!

మనకును గ్రంథులున్నవి. భయపడినప్పుడు గుండె దడదడలాడును, ముఖము తెల్లబోవును. అది దోషము కాదు, మన చేతిలోనిది కాదు. మాట మార్చుట మాత్రము మన చేతిలోనిదే. గట్టు తగాదాలో ఒకడు ఉదయమున విధవరాలితో, "నీ హద్దు ఇదే, నేనెరుగుదును" అనును. సాయంత్రము మోతుబరి అరుగుమీద కూర్చుండి, "నాకు జ్ఞాపకము లేదు" అనును. "అందరితో కలిసి బ్రదుకవలెను గదా" అని సమర్థించుకొనును. కప్ప రంగు మారగా దాని ప్రాణము దక్కును. ఇతని రంగు మారగా పొరుగామె పొలము పోవును.

అయితే మార్పంతయు దోషమా? కాదు. పసివానితో మెల్లగాను, పెద్దలతో వినయముగాను, దుఃఖించువారి యింట తగ్గు స్వరముతోను మాటలాడుదుము. స్వరము మారవచ్చును, సాక్ష్యము మారరాదు.

చూచుటకును పలుకుటకును నడుమ మనకొక క్షణము ఇయ్యబడియున్నది. కప్పకు అది లేదు. ఆ క్షణమునకే మనము ఉత్తరవాదులము. సహోదరులారా, మరుసారి సాక్ష్యమునకు మనలను పిలిచినప్పుడు, విధవరాలి గుమ్మమున చెప్పినదే మోతుబరి అరుగుమీదను చెప్పుదము. ఊసరవెల్లి మీద నింద మోపక విడిచిపెట్టుదము.