గ్యాస్ కట్టేశారా?

వదలని ఆలోచనలతో, ఆపలేని చేతలతో పీడించే ఓసీడీ తీవ్రతను కొలిచే యేల్-బ్రౌన్ స్కేలులో ఉన్నవి పదే ప్రశ్నలు. అమెరికాలో వేన్ గుడ్‌మన్ బృందం 1989లో దాన్ని ప్రచురించింది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 దాకా, మొత్తం 40 మార్కులు. 16 నుంచి ఓసీడీ ఒక మోస్తరుగా ఉన్నట్టు, 24 నుంచి తీవ్రంగా ఉన్నట్టు లెక్క. డాక్టరు ఎదురుగా కూర్చుని, ఆగి ఆగి అడుగుతూ నింపవలసిన కాగితం అది. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరికి వారు ఫోనులో నింపుకుంటున్నారు. ఆ ఒంటరితనమే నన్ను దిగులు పెడుతోంది. అయినా ఆ పది ప్రశ్నల్లో ఒక వివేకం ఉంది, ముందు అది చెప్పాలి.

నీ భయం నిజమా అని ఆ పదింట్లో ఒక్కటీ అడగదు. ఆలోచనలు రోజులో ఎంతసేపు పట్టుకుంటున్నాయి, పనికి ఎంత అడ్డం వస్తున్నాయి, ఎంత బాధ పెడుతున్నాయి, వాటిని ఎదిరిస్తున్నావా, అవి నీ అదుపులో ఉంటున్నాయా అని అడుగుతుంది. మళ్లీ ఇవే ఐదూ చేతల గురించి. అంతే.

విశాఖపట్నంలో బతికేవాళ్లకు, అలా అడగకపోవడం చిన్న సంగతి కాదు. ఇక్కడ భయాలకు సాక్ష్యాలున్నాయి. వన్‌టౌన్‌లో కిటికీ గట్టు మీద వేలితో రాస్తే నల్లగా అంటుతుంది. బొగ్గూ ఇనుప ఖనిజమూ ఎగుమతి దిగుమతి అయ్యే రేవు పక్కన ఉన్నవాళ్ల దశాబ్దాల ఫిర్యాదు అది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి నిద్రలో ఉన్నవాళ్ల మీదికి వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. అప్పటికే కరోనా వచ్చి పాల ప్యాకెట్లు కూడా కడుక్కుంటున్నాం. ఇలాంటి ఊళ్లో ఒకామె నాలుగోసారి గట్టు తుడుస్తుంటే, ఒకాయన మూడోసారి వంటింట్లోకి వెళ్లి సిలిండరు చూసి వస్తుంటే, అది జబ్బని ఏ మొహం పెట్టుకుని అంటాం?

పాత ఊళ్లో నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారు. కిటికీ గట్టును తడిగుడ్డతో ఎడమ నుంచి కుడికి తుడుస్తారు. గుడ్డ అంచు ఊచకు తగిలిందా, మళ్లీ మొదటి నుంచి. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంటుంది. నన్ను కదిలించింది ఆ చేతులు కాదు, ఆవిడ కళ్లు. తుడిచేటప్పుడు గట్టు వైపు చూడరు. కళ్లు దించుకుని, ఊపిరి బిగబట్టి, లోపలి నుంచి ఏదో ఒకటి ‘అయింది’ అంటుందేమోనని ఎదురుచూస్తారు. గట్టు ఎప్పుడో శుభ్రమైంది. లోపలిది మాత్రం ఆ ఒక్క మాట అనదు. దుమ్ము నిజమే, కాని ఆ పాటికి ఆవిడ పోరాటం దుమ్ముతో కాదు.

మరి మనకు ఆ ‘అయింది’ ఎక్కడి నుంచి వస్తోంది? నాకు అసలు ప్రశ్న ఇది. తలుపు తాళం వేసి ఆటో ఎక్కిన వాణ్ని, తాళం పడిందని నిరూపించమంటే నిరూపించగలడా? లేడు. అతని దగ్గర అదనంగా ఉన్న రుజువు ఏమీ లేదు. ఆగిపోగలిగాడు, అంతే.

ఉక్కు ఫ్యాక్టరీల్లో మరమ్మతుకు దిగేముందు కరెంటు ఆపి, తాళం వేసి, ట్యాగు కట్టి, పర్మిట్ మీద సంతకాలు చేస్తారు. కరిగిన ఇనుము పక్కన పని, భయం ఉండవలసిన చోటే. అక్కడ సరిచూడటం చాదస్తం కాదు, ప్రాణం. కాని ఆ సరిచూడటానికి ఒక చివర ఉంది. ఇంకో మనిషి సంతకం పెడతాడు, షిఫ్టు మారుతుంది, బాధ్యత వచ్చినవాడి చేతికి పోతుంది. పూజ సంగతీ అంతే. ఆచమనం ఇన్నిసార్లు, ప్రదక్షిణలు ఇన్ని అని లెక్క ఉంటుంది. చివర మంత్రలోపం, క్రియాలోపం ఉంటే మన్నించమని ఒక నమస్కారం కూడా ఉంటుంది. పొరపాటు జరిగే ఉంటుందని ముందే ఒప్పుకుని, క్షమాపణను కూడా పూజలోనే కలిపేశారు పెద్దలు. ఆ తర్వాత ఉద్వాసన. నేను దేవుణ్ని నమ్మేవాణ్ని కాకపోయినా ఈ ఏర్పాటుకు చేతులు జోడిస్తాను. ఓసీడీ చేయించే పనుల్లో పూజ క్రమమంతా ఉంటుంది, ఉద్వాసన ఒక్కటీ ఉండదు.

తర్కంలోనూ అలాంటి చివర ఒకటి ఉంది. మన ప్రాచీన తర్కసంప్రదాయమైన న్యాయశాస్త్రం తన పదహారు పదార్థాల్లో సంశయానికి చోటిచ్చింది. అదే వరసలో నిర్ణయం కూడా ఉంది. వెయ్యేళ్ల కిందట ఆ శాస్త్ర పండితుడు ఉదయనాచార్యుడు శంకకు హద్దు గీశాడు: నీ శంక నీ నడతతోనే ఢీకొన్నచోట అది ఆగాలి. అన్నం ఆకలి తీరుస్తుందో లేదో అంటూనే విస్తరి ముందు కూర్చోవడం కుదరదు. ఈ వాదం నాకెంతో ఇష్టం. కాని ఆ కిటికీ దగ్గర ఇది నిలవడం లేదు. సబ్బు మురికి పోగొడుతుందా అని శంకించే మనిషి సబ్బుతోనే కడుగుతుంది. తన జ్ఞాపకాన్ని నమ్మని మనిషి, ఎన్నిసార్లు చూసొచ్చాడో ఆ లెక్క మాత్రం తప్పడు. ఈ వైరుధ్యం వాళ్లకు తెలియదా? మనకంటే బాగా తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే ఆ యాతన. తర్కం తప్పినవాళ్లకైతే తర్కం చెప్పవచ్చు. వీళ్లు తర్కాన్ని వదలలేనివాళ్లు.

2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు వాన్ డెన్ హౌట్, కింట్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న వాళ్లచేత కంప్యూటర్ తెర మీది గ్యాస్ పొయ్యిని మళ్లీ మళ్లీ సరిచూపించారు. చివరికి వాళ్ల జ్ఞాపకం చెడలేదు, గుర్తున్నది సరిగానే ఉంది. కాని మనసులో ఆ దృశ్యం మసకబారింది, తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం సడలింది. అంటే, మళ్లీ చూడటం అనుమానాన్ని తీర్చదు, పెంచుతుంది. కొందరు సిలిండరు రెగ్యులేటరును ఫోటో తీసుకుని మరీ ఇల్లు దాటుతారు. ఫోటోలో తేదీ ఉంది, టైము ఉంది. కాని ఫోటో తీశాక చెయ్యి తగిలిందేమో!

ఇప్పుడు రాత్రిపూట ఫోనులో ఆ పది ప్రశ్నలు నింపుతున్న మనిషి దగ్గరికి రండి. 14 వచ్చింది. ‘మూడో ప్రశ్నకు 2 పెట్టాను, 3 పెట్టాలేమో. నిజంగా బాధపడుతున్నానా, నటిస్తున్నానా?’ మళ్లీ నింపుతాడు, 19 వస్తుంది. రేపు రాత్రి మళ్లీ. పరీక్షే ఇంకో రెగ్యులేటరు అయిపోయింది. ఏ జవాబునూ నమ్మలేని మనసును, నీ గురించి నువ్వే జవాబు చెప్పమంటున్నాం! అందుకే నా మాట: ఒక్కసారి నింపండి, దిద్దకండి. ఆ కాగితం తీర్పు కాదు, డాక్టరు దగ్గర మాట ఎత్తుకోవడానికి పనికొచ్చే చీటీ.

కొందరు ఆ చీటీ కూడా రాయలేరు, వాళ్లకొచ్చే ఆలోచన అలాంటిది. సింహాచలం మెట్లెక్కుతుంటే అప్పన్న మీద బూతుమాట మనసులో మెదిలిందని కిందికి దిగి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కే భక్తుడుంటాడు. కత్తిపీట కనబడితే చంటిబిడ్డ గుర్తొచ్చి వణికిపోయే తల్లి ఉంటుంది. ఎవరికి చెప్పుకుంటారు? లండన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రాక్‌మన్, శ్రీలంకకు చెందిన పద్మాల్ డి సిల్వా కలిసి 1978లో చూపించిందేమంటే, ఇలాంటి ఆలోచనలు మామూలు మనుషుల్లో చాలామందికి వస్తాయని, రోగులకు వచ్చేవాటితో వాటి విషయం దాదాపు ఒకటేనని. మనకు వచ్చి పోతుంది. ఆ తల్లికి, వచ్చిందంటే తనేదో రాక్షసి అన్నంత బరువు. బిడ్డ మీద ప్రేమ అంతగా లేకపోతే ఆ ఆలోచన అంతగా భయపెట్టేదే కాదు.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ ఉంది. ఎవరినైనా ఎగతాళి చేయాలంటే ఆ గేటు పేరెత్తే అలవాటు మనది. అలా నవ్విన ప్రతిసారీ ఎవరో ఒకరు ఓపీ చీటీ రాయించుకోవడం ఇంకో ఏడాది వాయిదా వేసుకుని ఉంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన పెద్దవాళ్లలో నూటికి ఒకరికి కాస్త తక్కువగా ఓసీడీ ఉంది. ఇంత పెద్ద ఊళ్లో అది వేలమంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు. మందులున్నాయి, పనిచేయడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. 1966లో మనస్తత్వ శాస్త్రవేత్త విక్టర్ మేయర్ చూపిన దారిలో పుట్టిన చికిత్స కూడా ఉంది. భయానికి ఎదురుగా నిలబెట్టి, కడుక్కోకుండా, సరిచూడకుండా ఓర్చుకోవడం నేర్పుతారు.

ఆ చికిత్సలో ఇంటివాళ్లకు చెప్పే మాట ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. “ఏమండీ, గ్యాస్ కట్టేశారా?” అని ఆమె పదోసారి అడుగుతుంది. “కట్టేశానే” అని ఆయన పదోసారీ చెబుతాడు, ప్రేమతోనే. ఆ జవాబు ఇవ్వడం మెల్లమెల్లగా మానమంటారు. ముందే ఇద్దరూ ఒప్పుకుని, ఆమెకు తెలిసేలా. తెలిసిన జవాబును అడిగిన మనిషికి ఇవ్వకపోవడం క్రూరత్వం కాదా అనిపించేది నాకు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. “కట్టేశాను” అనడానికి ఒక్క క్షణం చాలు, వంటింట్లోంచే అరిచి చెప్పవచ్చు. “నీకు భయంగా ఉందని తెలుసు, ఇది తగ్గేదాకా ఇక్కడే కూర్చుంటాను” అనాలంటే ఆయన చేతిలో పని వదిలి వచ్చి పక్కన కూర్చోవాలి. అరగంట పట్టవచ్చు, గంట పట్టవచ్చు. ఆ గంట ఆయనకు దొరుకుతుందా, షిఫ్టుకు వెళ్లవలసిన రోజున ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది మాత్రం ఏ స్కేలులోనూ లేని ప్రశ్న. దానికి ఇరుగుపొరుగు కావాలి, చుట్టాలు కావాలి, సెలవిచ్చే యజమాని కావాలి.