చల్దిమూట తిరిగొచ్చిందా?

"మావాడు ప్రహ్లాదుడండీ, బడిలో ఎవరితోనూ కలవడు" అని కొందరు కాస్త గర్వంగానే చెబుతారు. భాగవతం అలా చెప్పలేదు. గురువులు ఇంటిపనుల మీద ఉన్నప్పుడు తోటి పిల్లలు ప్రహ్లాదుణ్ణి ఆటకు పిలిచారు. ఆయన వాళ్లను చేరదీసి ఆప్యాయంగా మాట్లాడాడు. కలవలేకపోవడం వైరాగ్యం కాదు, చాలాసార్లు అది భయం.

మా ఉద్దానం ప్రాంతంలో ఆ భయానికి కారణాలు ఇంటిదగ్గరే ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చకముందు నుంచే ఇక్కడ వలసలున్నాయి. నాన్న హైదరాబాదులోనో, గుజరాత్ తీరంలో వేటపడవ మీదో ఉంటాడు. అమ్మ పొద్దున్నే పలాసలో జీడిపప్పు పనికి పోతుంది. గుంటడు నాయనమ్మ దగ్గర పెరుగుతాడు. ఇంట్లో ఒరియా మాట్లాడే పిల్లాడైతే తరగతిలో నోరు విప్పడానికే జంకు. "అందరితో కలవరా" అంటాం గానీ, ఎలా కలవాలో చూపించం.

అదీ భాగవతంలోనే ఉంది. దశమ స్కంధంలో గోపబాలురు చల్దులు కట్టుకుని దూడల వెంట అడవికి పోతారు. దారిలో ఒకడి మూట ఇంకొకడు దాచేస్తాడు. వాడు కనిపెట్టేలోగా అది చేతులు మారిపోతుంది. చివరికి నవ్వుతూ తెచ్చి ఇచ్చేస్తారు. కాసేపట్లో అఘాసురుడనే రాక్షసుడు ఎదురవబోతున్నా వ్యాసుడు ఈ అల్లరిని వదల్లేదు. పిల్లలకు ఇంతకంటే మంచి కొలత దొరకదు. దాచిన పెన్సిలు డబ్బా నవ్వుతూ తిరిగొస్తే ఆట. తిరిగి రాకపోయినా, రోజూ ఒకడిదే పోతున్నా మాస్టారికి చెప్పాల్సిన సంగతి. ఈ తేడా తెలియకే కొందరు పిల్లలు ఆటకీ ఏడుస్తారు, వేధింపునీ దిగమింగుతారు.

"నేనూ ఆడతానర్రా" అనే ఒక్క మాట నాయనమ్మే ఎదుటి పిల్లాడి వేషం వేసి ఇంట్లో పలికించవచ్చు. ఎంత చేసినా మాట, చూపు కలవకపోతే దిష్టి తీసి ఊరుకోకండి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు భవిత కేంద్రాలు నడుపుతోంది, అక్కడ చూపించండి.

కార్తిక సోమవారం టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లన్నను దర్శించుకుని వనభోజనాలకు కూర్చుంటారు కదా, విస్తళ్లు వేసే పని జంకే పిల్లాడికివ్వండి. "ఇక్కడ వెయ్యనా?" అని ప్రతివాళ్లనూ అడగక తప్పదు. నీళ్లు పోయడానికి తోడుగా తరగతి పిల్లాడు ఒక్కడుంటే చాలు, పదిమంది వద్దు.